హైదరాబాదు వేసవిని కళల మధ్య గడపడం ఎలా

హైదరాబాదులో కళలకు అనువైన కాలం చలికాలమేనని చాలామంది అనుకుంటారు. నుమాయిష్ అనే పారిశ్రామిక ప్రదర్శన, సాహిత్యోత్సవం, పెద్ద సంగీతోత్సవాలు ఎక్కువగా డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్యనే జరుగుతాయి కాబట్టి ఆ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. అయితే ఈ నగరంలో సభలకు తిరగడం అలవాటైనవారిని అడిగితే వేరే మాట చెబుతారు. బడులకు సెలవులు ఇచ్చిన తరువాతనే నాట్యగురువులు తమ శిష్యులను తీరికగా వేదిక ఎక్కిస్తారు; విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలు అమ్మమ్మల ఇళ్లకు వచ్చి రంగప్రవేశం, అంటే మొదటి పూర్తి నాట్యప్రదర్శన, చేసేదీ ఎక్కువగా సెలవులలోనే; తెలుగు నాటకరంగ దినోత్సవం, నృత్య దినోత్సవం, అన్నమయ్య జయంతి, త్యాగరాజ జయంతి, రాష్ట్ర అవతరణ దినోత్సవం అన్నీ ఏప్రిల్ మొదలు జూన్ లోపలే వస్తాయి. వీటిలో చాలావాటికి టికెట్టు ఉండదు, పెద్ద ప్రకటనా ఉండదు. ఎండకు వెరచి ఇంట్లో ఉండిపోయినవారికి అవి జరిగిన సంగతే తెలియదు. అందువల్ల ఎండను లెక్కలోకి తీసుకుని రోజును ఎలా మలచుకోవాలో, ఏ వారంలో ఎటు వెళ్లాలో, వెళ్లిన చోట దేని మీద దృష్టి పెట్టాలో క్రమంగా చెబుతాను.

ముందుగా రోజును మూడు భాగాలు చేయండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో నగరంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. కాబట్టి ఏ కార్యక్రమం బాగుందన్న ప్రశ్నకన్నా ముందు, అది రోజులో ఏ వేళకు పడుతుందన్న ప్రశ్న వేసుకోండి. తెల్లవారింది మొదలు తొమ్మిది గంటల వరకు ఆరుబయట నడిచి చూడవలసినవాటికి, పదకొండు నుంచి నాలుగు వరకు పైకప్పు ఉన్న ప్రదర్శనశాలలకు, ఆరు దాటిన తరువాత సభలకు కేటాయించండి. ఈ మూడింటినీ ఒకే రోజున చేయాలని మాత్రం పట్టుబట్టవద్దు. ఇంట్లో పెద్దవారు, చిన్నపిల్లలు ఉంటే రోజుకు ఒక భాగం చాలు. నడివయసువారికైనా రెండుకు మించితే మూడవదాన్ని అలసిన కళ్లతో చూడవలసి వస్తుంది.

గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు ఈ లెక్కలో కొంచెం ఇబ్బంది పెడతాయి. అవి తెరిచేసరికే ఎండ ఎక్కుతుంది, లోపల నడక ఎక్కువ, నీడ తక్కువ. వేసవిలో కోటను చూడాలంటే సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శనకు వెళ్లడం మేలు. ఆ ప్రదర్శన ఏ రోజున ఏ భాషలో ఉంటుందో మారుతూ ఉంటుంది కనుక బయలుదేరే ముందు కనుక్కోండి.

తేదీలను గోడ క్యాలెండరు మీద రాసుకోండి

ఫోనులో గుర్తు పెట్టుకోవడంకన్నా వంటింటి గోడ మీది క్యాలెండరులో రాయడం మంచిది, ఎందుకంటే దాన్ని ఇంటిల్లిపాదీ చూస్తారు. కందుకూరి వీరేశలింగం పుట్టిన రోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. ఆ రోజుకు అటూ ఇటూ నాటక సమాజాలు ప్రదర్శనలు, సన్మానాలు పెట్టుకుంటాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం. ఆ రోజున పురావస్తు శాఖ తన అధీనంలోని కట్టడాలలోకి ఉచితంగా అనుమతించిన సంవత్సరాలు చాలా ఉన్నాయి కాబట్టి చార్మినారు, గోల్కొండ విషయంలో ముందురోజు పత్రిక చూడండి. ఏప్రిల్ 29 అంతర్జాతీయ నృత్య దినోత్సవం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం. జూన్ 13, సాలార్‌జంగ్ మ్యూజియంలోని వస్తువులను ఎక్కువగా సేకరించిన మూడవ సాలార్‌జంగ్ జయంతి. జూన్ 21 ప్రపంచ సంగీత దినోత్సవం. అది 1982లో పారిస్‌లో మొదలైంది గనుక ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రమైన అలియాన్స్ ఫ్రాన్సేజ్ ప్రకటనలను ఆ వారంలో గమనించండి.

తిథిని బట్టి వచ్చేవాటిని పంచాంగం చూసి రాసుకోవాలి. అన్నమయ్య జయంతి వైశాఖ పూర్ణిమనాడు వస్తుంది. తాళ్లపాకలో 1408లో పుట్టిన ఆ మహానుభావుడి సంకీర్తనల రాగిరేకులు తిరుమల ఆలయంలోని భాండాగారం నుంచి వెలుగు చూసినది 1922లో. అంటే మన తాతముత్తాతలలో చాలామంది ఈ పాటలు వినకుండానే వెళ్లిపోయారన్నమాట. ఆ ఒక్క సంగతి మనసులో ఉంచుకుని హిమాయత్‌నగర్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానం ఆలయానికో, మాదాపూర్‌లోని అన్నమయ్యపురానికో వెళ్లి కూర్చోండి, వినికిడి మారిపోతుంది.

సమాచారం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోండి

టికెట్లు అమ్మే యాప్‌లలో కనిపించేవి నగరంలో జరిగే కార్యక్రమాలలో చిన్న భాగం మాత్రమే. అక్కడ హాస్యకారుల ప్రదర్శనలు, సినిమా పాటల కచేరీలు దొరుకుతాయి. కూచిపూడి, హరికథ, పద్యనాటకం, కవిసమ్మేళనం దొరకాలంటే తెలుగు దినపత్రికల హైదరాబాదు అనుబంధంలో "నగరంలో నేడు" వంటి చిన్న శీర్షికను రోజూ ఉదయం చదవాలి. రెండు మూడు పంక్తులలో కార్యక్రమం పేరు, స్థలం, సమయం ఉంటాయి. రెండవ మార్గం, వేదికల దగ్గరకే వెళ్లి అక్కడి బోర్డులు, ఫ్లెక్సీలు చూడడం. రవీంద్రభారతి ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఒక్క నిమిషం ఆగి, రాబోయే ప్రదర్శనలను ఫొటో తీసుకోండి. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో రోజూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుందని అనుకున్నా తప్పులేదు. ఏ సంస్థ కార్యక్రమమైనా మీకు నచ్చితే నిర్వాహకులకు మీ నంబరు ఇచ్చి రండి. ఆ తరువాత ఆహ్వానపత్రికలు వాటంతట అవే వాట్సాప్‌లో వస్తాయి. "అందరూ ఆహ్వానితులే" అని కింద రాసి ఉంటే మొహమాటపడవద్దు. ఆ మాటకు అర్థం నిజంగా అదే.

బయలుదేరే ముందు ఒకసారి ఫోను చేయడం తప్పనిసరి. కొన్నేళ్ల కిందట మా అమ్మను తీసుకుని మండుటెండలో నగరానికి ఆ చివరన ఉన్న ఒక హాలుకు వెళ్తే, కార్యక్రమం వారం వాయిదా పడిందని కాపలాదారు చెప్పాడు. పత్రికలో వచ్చిన సమాచారం తప్పు కాదు, మేము కనుక్కోకపోవడమే తప్పు. ఆ రోజు నుంచి ఆహ్వానపత్రిక మీద ఉన్న నంబరుకు మధ్యాహ్నం ఒకసారి ఫోను చేయకుండా ఇల్లు కదలడం లేదు.

పాతబస్తీకి ఒక పూట కేటాయించండి

వేసవిలో చేయదగిన వాటిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. శుక్రవారం కాని రోజును ఎంచుకోండి, ఎందుకంటే చౌమహల్లా ప్యాలెస్‌కూ సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారం సెలవు. ఆదివారంకన్నా మామూలు రోజు నయం. ఉదయం ఆరు గంటలకల్లా చార్మినారు దగ్గర ఉండండి. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని వాహనాలు, జనం లేని వేళ చుట్టూ తిరిగి చూసినవారు నగరంలో పుట్టి పెరిగినవారిలో కూడా తక్కువే. నాలుగు వైపులా నిలబడి సున్నపు పనితనాన్ని, ఆకులను, పూలను, చిన్న చిన్న మినార్లను చూడండి. అక్కడినుంచి ఉత్తరంగా నడిస్తే గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమానులు వస్తాయి. కమాను కింద నిలబడి చార్మినారు వైపు తిరిగితే, ఈ నగరాన్ని గీత గీసి కట్టారన్న సంగతి ఏ పుస్తకం అక్కరలేకుండా అర్థమవుతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. కుతుబ్ షాహీల కాలం నాటి రంగురంగుల పింగాణీ పలకల పని అక్కడ గోడల మీద నేటికీ నిలిచి ఉంది. అది ప్రార్థనా స్థలం కాబట్టి చెప్పులు విడిచి, అక్కడివారిని అడిగి లోపలికి వెళ్లండి.

ఎనిమిదింటికి ఎండ చురుక్కుమనడం మొదలవుతుంది. అప్పుడు ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కెట్టు, ఆకలి ఎక్కువగా ఉంటే కిచిడీ, ఖీమా తీసుకోండి. పదింటికి చౌమహల్లా తెరుస్తారు. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలులో స్ఫటిక దీపగుచ్ఛాల కింద నిలబడితే బయట ఎండ ఉన్నదన్న సంగతే మరచిపోతాము, ఎత్తైన కప్పులు, లోతైన వరండాలు వేడిని అంత దూరాన ఆపుతాయి. నిజాములైన ఆసఫ్ జాహీలు వేసవిని దృష్టిలో పెట్టుకుని ఎలా కట్టుకున్నారో వేసవిలో వెళ్తేనే తెలుస్తుంది. ఇక్కడ గంటకు మించి ఉండకండి, పన్నెండు గంటలకు మీరు వేరే చోట ఉండాలి.

ఆ వేరే చోటు మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం. పదకొండున్నరకల్లా లోపలికి చేరి నేరుగా సంగీత గడియారం దగ్గర కూర్చోండి. గంట కొట్టే వేళకు కొంచెం ముందు గడియారంలోని చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి బొమ్మ బయటకు వస్తుంది, గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పక్కన ఒక కమ్మరి బొమ్మ క్షణానికొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. ప్రతి గంటకూ ఇది జరిగినా, పన్నెండు దెబ్బలు వినడానికి మధ్యాహ్నం వందలమంది నేల మీదా బల్లల మీదా గుమిగూడతారు. పల్లెల నుంచి వచ్చినవారు, బడిపిల్లలు, విదేశీయులు అందరూ ఒకే బొమ్మ కోసం నిశ్శబ్దంగా ఎదురుచూసే ఆ రెండు నిమిషాలు నాకు ఏ కచేరీకీ తీసిపోవు.

ఆ తరువాత అన్ని గదులూ చూడాలన్న కోరికను అదుపులో పెట్టుకోండి. 1951లో ప్రజల కోసం తెరిచిన ఈ సేకరణలో వేలాది వస్తువులు ఉన్నాయి, ఒక్క రోజున అన్నీ చూసినవారికి ఒక్కటీ గుర్తుండదు. ఐదింటిని ఎంచుకోండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా అనే శిల్పాన్ని నిజాముల దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. తడిసిన పలుచని బట్ట ముఖానికి అంటుకున్నట్టు కనిపించేది కూడా పాలరాయేనని నమ్మడానికి కొంత సమయం పడుతుంది. ఒకే మానులో జర్మన్ కవి గెథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలను, ముందు సైతాను మెఫిస్టోఫిలిస్‌ను, వెనుక అమాయకురాలు మార్గరెటాను చెక్కిన కొయ్య బొమ్మ ముందు అద్దానికి ఎదురుగా నిలబడి చూడండి, రెండు ముఖాలూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ తరువాత మన బిద్రీ పని, దక్కను చిత్రాలు, చేతిరాత గ్రంథాలు చూడండి. విదేశీ బొమ్మల చుట్టూ జనం ఉంటారు, బిద్రీ గది ఖాళీగా ఉంటుంది. బీదరు కోట మట్టిని కలిపి నలుపు తెప్పించిన లోహం మీద వెండి తీగ పొదిగే ఆ పని మన దక్కనుకే సొంతం కాబట్టి అక్కడ ఎక్కువసేపు గడపమని నా మనవి. ఎండ తగ్గేవరకు లోపలే ఉండి నాలుగు దాటాక బయటకు రండి. దగ్గరలోని మెట్రో స్టేషను ఎంజీబీఎస్. పెద్దవారు ఉంటే స్టేషను వరకు ఆటో మాట్లాడుకోండి.

మళ్లీ ఎప్పుడైనా సగం పూట దొరికితే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్లండి. పిల్లలు ఈజిప్టు మమ్మీ కోసం వస్తారు, రానివ్వండి; తిరిగి వెళ్లేటప్పుడు కాకతీయుల కాలపు శిల్పాల ముందు ఐదు నిమిషాలు నిలబెట్టండి. దీనికి కూడా శుక్రవారమే సెలవు.

సాయంత్రం సభకు వెళ్లేటప్పుడు

రవీంద్రనాథ్ టాగూరు శతజయంతి గుర్తుగా కట్టిన రవీంద్రభారతిని 1961 మే నెలలో ప్రారంభించారు. అంటే ఈ నగరపు ప్రధాన కళావేదిక పుట్టినదే వేసవిలో. లక్డీకాపూల్, అసెంబ్లీ మెట్రో స్టేషన్ల మధ్యన ఉంటుంది కాబట్టి బండి వేసుకుని వెళ్లి నిలిపే చోటు కోసం తిరగనక్కరలేదు. ఆర్టీసీ సిటీ బస్సులలో ఆడవారికి టికెట్టు లేని ప్రయాణం ఉన్నందున, మా వీధిలోని గృహిణులు నలుగురైదుగురు కలిసి వెళ్లి రావడం ఈ మధ్య ఎక్కువైంది. చూడడానికి ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఆహ్వానపత్రికలో ఆరు గంటలని ఉంటే ఆరింటికే వెళ్లండి. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడవుతుంది. అసలు ప్రదర్శన ఏడింటికి గదా అని ఆలస్యంగా వెళ్తే మంచి కుర్చీలు నిండిపోతాయి. ముందు రెండు మూడు వరుసలు అతిథులకూ కళాకారుల బంధువులకూ ఉంచుతారు. నాట్యం చూడడానికి మరీ ముందు కూర్చుంటే వేదిక ఎత్తు వల్ల పాదాలు కనిపించవు. ఆరో వరుస నుంచి పదో వరుస వరకు మధ్యన కూర్చుంటే ముఖంలోని భావమూ పాదాల నడకా రెండూ అందుతాయి. చలువ యంత్రాల కింద రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి పెద్దవారికి ఒక శాలువా తీసుకువెళ్లండి. బయటి మండుటెండ నుంచి నేరుగా ఆ చల్లదనంలోకి వెళ్లడం వల్ల గొంతు పట్టుకునే ప్రమాదం ఉంది. ప్రదర్శనలు తొమ్మిదిన్నర దాటడం అరుదు కాదు, ఆఖరి మెట్రో సమయం చూసి పెట్టుకోండి.

కూచిపూడి మొదటిసారి చూస్తున్నవారు పక్కన కూర్చున్న తెలిసినవారిని అడగడానికి సిగ్గుపడవద్దు. పళ్లెం అంచుల మీద నిలిచి తాళానికి అడుగులు వేసే తరంగం వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు, కొట్టదగినదే. కానీ భామాకలాపంలో సత్యభామ ప్రవేశాన్ని శ్రద్ధగా చూడమని చెబుతాను. ఆ పాత్రలో జడకు ఒక చరిత్ర ఉంది. పూర్వం తెర మీదుగా జడను బయటకు వేసి, తనను మించిన పండితులు ఉంటే ముందుకు రమ్మని సవాలు చేసేవారు. ఈనాడు ఆ సవాలు లేదు, ఆ జడ పట్టుకుని నడిచే నడకలోని అతిశయం మాత్రం ఇంకా ఉంది. పేరిణి ప్రదర్శన ప్రకటించి ఉంటే వదులుకోకండి. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ దానికి మళ్లీ ప్రాణం పోశారు. మృదంగం, డోలు మోతకు మగవారు వేసే ఆ అడుగులు కుర్చీలో కూర్చున్నవారి గుండెలకు తగులుతాయి.

సంగీత కచేరీకి వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రధాన కీర్తన పూర్తవుతున్నప్పుడు మృదంగ విద్వాంసుడు ఒంటరిగా వాయించే తని ఆవర్తనం వస్తుంది. కాఫీకి లేచి వెళ్లేవారు సరిగ్గా అప్పుడే లేస్తారు. మీరు లేవకండి. గంటసేపు పక్కవాద్యంగా ఒదిగి ఉన్న మనిషికి సొంతంగా మాట్లాడే అవకాశం వచ్చేది ఆ పది నిమిషాలే.

రంగప్రవేశాలకు వెళ్లడానికి బంధువులే కావలసిన పనిలేదు. పదేళ్లు నేర్చుకున్న ఒక అమ్మాయి మొదటిసారి రెండు గంటలపాటు ఒంటరిగా వేదిక మీద నిలబడుతుంది. పక్కన తాళాలు వాయిస్తూ జతులు చెప్పి నట్టువాంగం చేస్తున్న గురువు కళ్లు ఆ పిల్ల మీది నుంచి కదలవు. ఖాళీ కుర్చీలు కనిపిస్తే ఆ పిల్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి. చివరి మంగళం దాకా కూర్చుని, వీలైతే వేదిక వెనుకకు వెళ్లి ఒక మంచి మాట చెప్పి రండి.

ఒక్క నాటకమైనా చూడండి, వీలైతే సురభి

పిల్లలకు జీవితాంతం గుర్తుండే ప్రదర్శన ఏదని అడిగితే సురభి నాటకమని చెబుతాను. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఈ నాటక పరంపర ఒకే వంశంలోని కుటుంబాలు నడుపుకుంటూ వచ్చినది. మిగిలిన చోట్ల మగవారు ఆడవేషాలు కడుతున్న రోజులలోనే సురభిలో స్త్రీలు స్త్రీ పాత్రలు వేశారు. ఒకదాని వెనుక ఒకటి లేచే రంగుల తెరలు, గాలిలో ఎగిరే పాత్రలు, వేదిక మీద కురిసే వాన, మండే నిప్పు అన్నీ తాళ్లతో, తీగలతో, చేతులతో చేసేవే. కంప్యూటరు మాయలు చూసి పెరిగిన పిల్లలు మొదట తీగలు ఎక్కడున్నాయా అని వెతుకుతారు. పది నిమిషాల తరువాత వెతకడం మానేస్తారు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఈ కుటుంబాలలో చాలామంది శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడ్డారు కాబట్టి ఇది మన నగరపు కళ కూడాను. సురభి ప్రదర్శన ఎక్కడ ఉన్నదని విన్నా మిగిలిన పనులు పక్కన పెట్టి వెళ్లండి. టికెట్టు పెడితే ముందుగానే కొనండి, ఉచితమైతే ముందుగా వెళ్లండి.

పద్యనాటకం సంగతి వేరు. హార్మోనియం శ్రుతి మీద నటుడు రాగాలాపన చేస్తూ పద్యం లాగుతుంటే, ముందు వరుసల నుంచి "వన్స్‌మోర్" అని కేకలు వస్తాయి, నటుడు పాత్రలోనే ఉండి ఆ పద్యం మళ్లీ పాడతాడు. ఇంటివద్ద పెద్దవారు ఉంటే తప్పక తీసుకువెళ్లండి. వారికి కంఠస్థంగా ఉన్న పద్యాలు ఎన్నో మీకు ఆ రోజే తెలుస్తుంది. త్యాగరాయ గానసభ, నాంపల్లిలోని ఎన్టీఆర్ కళామందిరం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ప్రకటనలను ఇందుకోసం చూస్తూ ఉండండి. కొత్త తరహా నాటకాలు, ఉర్దూ కవితాపఠనాలు, హిందీ నాటకాలు కావాలంటే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. 2010లో ఒక పాత ఇంటిని అందరికీ తెరిచి ఉంచిన చోటు అది. రాతి గోడ పక్కన, చెట్టు కింద, ఆరుబయట జరిగే ప్రదర్శనలు వేసవి రాత్రులకు సరిగ్గా అతుకుతాయి. చాయ్, సమోసా తక్కువ ధరకే దొరుకుతాయి. దోమలకు ఏదైనా రాసుకుని వెళ్లండి.

పిల్లల చేతికి పని ఇవ్వండి

చూడడంతోపాటు చేయడం కూడా ఉంటేనే సెలవులు నిండుగా ఉంటాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, బొమ్మల తయారీ వంటివాటికి వేసవి శిబిరం పెడతారు. ప్రైవేటు శిబిరాల రుసుముతో పోలిస్తే ఇక్కడ ఖర్చు చాలా తక్కువ. నగరానికి పడమటి వైపు ఉన్నవారికి మాదాపూర్‌లోని శిల్పారామం అనుకూలం. వారాంతపు సాయంత్రాలలో అక్కడి ఆరుబయలు రంగస్థలం మీద కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలు ఉంటాయి, ప్రవేశ రుసుము తప్ప వేరే టికెట్టు ఉండదు. ఐదున్నరకు ముందు వెళ్లకండి, బండలు కాలుతూ ఉంటాయి. అక్కడికి దగ్గరలోనే కావూరి హిల్స్‌లో రాష్ట్ర చిత్రకళా ప్రదర్శనశాల ఉంది. చల్లగా ఉంటుంది, రద్దీ ఉండదు, కొత్త చిత్రకారుల పని చూడవచ్చు.

చేర్యాల బొమ్మలను పిల్లలకు పరిచయం చేయడానికి వేసవికి మించిన కాలం లేదు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు బట్టకు చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, జిగురు పట్టించి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద కథను వరసలు వరసలుగా గీస్తారు. కథ చెప్పేవారు ఊరూరా తిరిగి ఆ పటాన్ని విప్పుతూ పాడేవారు. హస్తకళల దుకాణంలో ఒక చిన్న ముఖం బొమ్మ కొనిచ్చి, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో దాన్ని ఎలా చేశారో చెప్పండి. మరునాడు ఇంట్లో చింతగింజలు నానబెట్టమని వారే అడుగుతారు.

వానకు సిద్ధంగా ఉండండి

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో ఒక్కసారిగా గాలిదుమారం లేచి వడగళ్లు పడడం ఈ నగరానికి అలవాటే. ఆరుబయలు ప్రదర్శన చూడదలచిన రోజున, అదే దారిలో ఉన్న ఒక లోపలి హాలు కార్యక్రమాన్ని కూడా రాసి పెట్టుకోండి. శిల్పారామంలో నాట్యం ఆగిపోతే ఎటు వెళ్లాలో ముందే తెలిసి ఉంటే పిల్లల ముఖాలు చిన్నబోవు.

జూన్ 2 వారంలో ఒగ్గుకథ, చిందు భాగోతం, డప్పు, గుస్సాడీ వంటి తెలంగాణ కళలు నగరంలోకి తరలివస్తాయి. మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారుల డోలు విన్యాసాన్ని టీవీలో కాక ఎదురుగా చూడండి. ఒక కళాకారుడి భుజాల మీద ఇంకొకరు ఎక్కి నిలబడి కూడా తాళం తప్పరు.

మృగశిర వచ్చి నేల చల్లబడ్డాక, ఆషాఢంలో, అంటే జూన్ చివర గానీ జూలైలో గానీ, బోనాలు మొదలవుతాయి. మొదటి బోనం గోల్కొండ కోట మీద జగదాంబిక అమ్మవారికి. లంగర్‌హౌజ్ నుంచి ఊరేగింపు బయలుదేరుతుంది. ఆ తరువాతి వారాలలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహాంకాళి, లాల్‌దర్వాజ సింహవాహిని ఆలయాల వంతు వస్తుంది. సికింద్రాబాదులో బోనాల మరునాడు ఉదయం పచ్చికుండ మీద నిలబడి అమ్మ పలుకు చెప్పే రంగం చూడాలంటే తెల్లవారకముందే చేరాలి. గోల్కొండకు వెళ్లేవారు మధ్యాహ్నం రెండులోపల కోట కింద ఉండండి, చేతిలో నీళ్ల సీసా, తలకు ఒక తువ్వాలు ఉంచుకోండి, పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తున్నప్పుడు దారికి అడ్డం నిలబడకుండా పక్క గోడకు ఆనుకుని నిలబడితే, డప్పుల మోత గోడలోంచి వీపుకు తెలుస్తుంది.